టీ-డీఎన్‌ఏ చొచ్చినా తగ్గని జన్యువు: అరబిడాప్సిస్ మ్యూటెంట్ లైన్లలో ఊహించని వ్యక్తీకరణ

చిగురు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగ మొక్కలో పక్కవేళ్ల ఎదుగుదలతో సంబంధం ఉందనుకుంటున్న ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (ఇతర జన్యువుల వ్యక్తీకరణను నియంత్రించే ప్రోటీన్) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫలితాలు ఇంకా ప్రచురణ కాలేదు కనుక జన్యువు పేరు ఇక్కడ చెప్పలేను, మన్నించాలి. ఈ జన్యువుకు రెండు సాల్క్ లైన్లు, అంటే అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా చొప్పించే డీఎన్‌ఏ ముక్క (టీ-డీఎన్‌ఏ) చేరిన, సాల్క్ సంస్థ తయారుచేసిన మొక్కల వంశాలు, దొరికాయి. మొదటిదానిలో టీ-డీఎన్‌ఏ స్టార్ట్ కోడాన్‌కు (ప్రోటీన్ తయారీ మొదలయ్యే చోటుకు) కొంచెం ఎగువన, ప్రమోటర్ (జన్యువును నడిపే భాగం) చివర, ప్రోటీన్‌గా అనువాదం కాని ముందు భాగానికి ఆనుకుని ఉంది. రెండవదానిలో రెండో ఇంట్రాన్‌లో (ఎంఆర్‌ఎన్‌ఏ తయారీలో కత్తిరించి తీసేసే భాగంలో; మిగిలే భాగాలు ఎక్సాన్లు) ఉంది. రెండింటిలోనూ హోమోజైగస్ మొక్కలను (రెండు ప్రతుల్లోనూ చొప్పింపు ఉన్నవాటిని) పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పద్ధతి) ద్వారా ఎంచుకుని, వాటి విత్తనాలతోనే పని మొదలుపెట్టాను.

రెండు లైన్లలోనూ జన్యువు పూర్తిగా ఆగిపోతుందని, కనీసం బాగా తగ్గుతుందని అనుకున్నాను. ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్‌లో అందుకు భిన్నంగా వచ్చింది. మొదటి లైన్‌లో వైల్డ్ టైప్ (మామూలు మొక్క) కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ ఎంఆర్‌ఎన్‌ఏ కనిపించింది, రెండవ లైన్‌లో వైల్డ్ టైప్‌కూ దానికీ తేడాయే లేదు. విచిత్రమేమిటంటే, మొదటి లైన్‌లో పక్కవేళ్లు తగ్గాయి. ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగిన మొక్క జన్యువు పోయిన మొక్కలా ఎందుకు ప్రవర్తిస్తోంది? ఈ రెండు లైన్లను పక్కన పెట్టి కొత్తవి తెప్పించుకోవాలా, లేక వీటిలో నేర్చుకోదగినది ఏమైనా ఉందా?

తల్లివేరు

చిగురు గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మరొక ప్రశ్న అడగక తప్పదు. మీ క్యూపీసీఆర్ ప్రైమర్లు (కొలవవలసిన భాగాన్ని గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) జన్యువులో ఏ భాగాన్ని కొలుస్తున్నాయి? ఈ తరహా ఫలితాల్లో సగం చిక్కు అక్కడే ఉంటుంది.

సాల్క్ లైన్ల తయారీలో వాడిన పీఆర్‌ఓకే2 వెక్టర్‌లో (టీ-డీఎన్‌ఏను మోసే వాహక డీఎన్‌ఏలో) కానామైసిన్ అనే యాంటీబయాటిక్ నిరోధక జన్యువుతో పాటు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్న 35ఎస్ ప్రమోటర్ కూడా ఉంది. ఆ ప్రమోటర్ వెనుక ఏ జన్యువునూ అమర్చలేదు. టీ-డీఎన్‌ఏ మొక్క క్రోమోజోమ్‌లోకి చేరినప్పుడు, చేరిన దిశను బట్టి, ఆ 35ఎస్ నుంచి మొదలైన ట్రాన్స్‌క్రిప్షన్ టీ-డీఎన్‌ఏ అంచు దాటి మీ జన్యువులోకి సాగిపోయే అవకాశం ఉంది. పైగా టీ-డీఎన్‌ఏ చాలాసార్లు ఒక్క ప్రతిగా కాక రెండు మూడు ప్రతులుగా, ఒకదానికొకటి తలకిందులుగా కూడా చేరుతుంది. అందువల్ల రెండు చివర్లలోనూ ఎడమ అంచే కనిపించే లైన్లు అరుదేమీ కావు. వెక్టర్ పటం చూసి దిశను ఊహించి ఊరుకోకుండా, రెండు సంధులనూ (టీ-డీఎన్‌ఏ, క్రోమోజోమ్ కలిసే చోట్లను) పీసీఆర్ చేసి సీక్వెన్స్ చేయించండి.

ఆ తరువాత మూడు చోట్ల కొలవండి: చొప్పింపుకు ఎగువన ఒక జత ప్రైమర్లు, చొప్పింపుకు అటూ ఇటూ ఒక జత, దిగువన ఒక జత. మీ మొదటి లైన్‌లో చొప్పింపు ప్రమోటర్ చివరే ఉంది కాబట్టి ఎగువన కొలవడానికి పెద్దగా చోటు ఉండదు. దానికి బదులు, సీడీఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ ప్రతి) మీద, టీ-డీఎన్‌ఏ ఎడమ అంచున కూర్చునే ఎల్‌బీబీ1.3 ప్రైమర్‌ను ఫార్వర్డ్‌గా, మీ జన్యువులోని రివర్స్ ప్రైమర్‌ను రెండవదిగా వాడి పీసీఆర్ చేయండి. బ్యాండ్ వస్తే టీ-డీఎన్‌ఏ నుంచి మీ జన్యువు వరకు ఒకే ఎంఆర్‌ఎన్‌ఏగా సాగుతున్నదని తేలుతుంది. జీనోమిక్ డీఎన్‌ఏ మీద కూడా అదే బ్యాండ్ వస్తుంది కాబట్టి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని కంట్రోల్ లేకుండా ఈ పరీక్షకు విలువ ఉండదు. వీలైతే రివర్స్ ప్రైమర్‌ను ఇంట్రాన్ దాటిన ఎక్సాన్‌లో పెట్టండి, అప్పుడు బ్యాండ్ పొడవులోనే తేడా తెలిసిపోతుంది.

పుప్పొడి

తల్లివేరు గారి మాట సరైనదే. అయితే యంత్రం చెప్పిన అంకెను నమ్మే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఏ రెఫరెన్స్ జన్యువుతో (ఎప్పుడూ దాదాపు ఒకే స్థాయిలో ఉండే జన్యువుతో) పోల్చారు? ఒక్క యాక్టిన్‌తోనే సరిపెట్టారా? అరబిడాప్సిస్‌లో 2005 నాటి విస్తృత పరిశీలన తరువాత పీపీ2ఏ ఉపభాగానికి చెందిన ఏటీ1జీ13320 జన్యువు చాలామందికి నమ్మకమైన రెఫరెన్స్ అయింది. క్యూపీసీఆర్ ప్రయోగాల కోసం 2009లో వచ్చిన మిక్వే మార్గదర్శకాలు కూడా ఒకటికి మించిన రెఫరెన్స్ జన్యువులు వాడమనే చెబుతున్నాయి. ప్రతి పీసీఆర్ సైకిల్‌లో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కనుక నాలుగు రెట్లంటే రెండు సైకిళ్ల తేడా. ఆర్‌ఎన్‌ఏ నాణ్యత బాగా లేకపోయినా, రెండు ప్రైమర్ జతల సామర్థ్యంలో తేడా ఉన్నా అంత తేడా రావచ్చు. అన్నిటికంటే ముందు, వైల్డ్ టైప్‌ను, మ్యూటెంట్‌ను ఒకే ట్రేలో పెంచి, ఒకే వేళకు కోశారా? అరబిడాప్సిస్ జన్యువుల్లో చాలావాటి ఎంఆర్‌ఎన్‌ఏ ఉదయానికి ఒకలా, సాయంత్రానికి ఒకలా ఉంటుంది.

చిగురు

ఇద్దరికీ ధన్యవాదాలు. పుప్పొడి గారూ, పీపీ2ఏ, యూబీక్యూ10 రెండింటితోనూ పోల్చాను, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. డీఎన్‌ఏస్ (మిగిలిన డీఎన్‌ఏను తొలగించే ఎంజైమ్) వేశాను, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని కంట్రోల్ శుభ్రంగా ఉంది. మొక్కలన్నీ ఒకే ప్లేట్లలో పక్కపక్కన పెరిగాయి, ఒకే వేళకు సేకరించాను. ప్రైమర్లు మాత్రం రెండూ చివరి ఎక్సాన్‌లోనే ఉన్నాయి. ఒక ప్రచురిత వ్యాసంలో ఉన్న జతనే తెప్పించుకున్నాను.

రెండవ లైన్ గురించి ఒక చిన్న విషయం కూడా చెప్పాలి. ఆ విత్తనాలను కానామైసిన్ ప్లేట్ల మీద వేస్తే మొలకలన్నీ తెల్లబడి చనిపోయాయి. పీసీఆర్‌లో మాత్రం టీ-డీఎన్‌ఏ స్పష్టంగా, హోమోజైగస్‌గా కనబడుతూనే ఉంది.

మీమాంస

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు. ఎంఆర్‌ఎన్‌ఏ ఉందంటే ఆ లైన్ నాకౌట్ (జన్యువు పూర్తిగా పోయిన మొక్క) కాదు. రెండింటినీ పక్కన పడేసి, జన్యువును కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో మొదటి ఎక్సాన్‌లో ఒక చిన్న తొలగింపు చేయించుకుంటే ఈ సందేహాలేవీ ఉండవు. ఇరవై ఏళ్ల క్రితం వేరే దారి లేక టీ-డీఎన్‌ఏ లైన్ల మీద ఆధారపడ్డారు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

తల్లివేరు

మీమాంస గారూ, క్రిస్పర్ చేయించుకోవడం మంచిదే, నేనూ అదే సలహా ఇచ్చేవాడిని. అయితే "ఎంఆర్‌ఎన్‌ఏ ఉంది కాబట్టి నాకౌట్ కాదు" అన్న సూత్రాన్ని క్రిస్పర్ మొక్కలకు వర్తింపజేస్తే వాటిలో చాలావాటిని కూడా పారేయవలసి వస్తుంది. క్రిస్పర్‌తో సాధారణంగా వచ్చేది ఒకటి రెండు బేస్‌ల మార్పు. దాని వల్ల రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి బేస్‌లుగా చదివే వరుస) మారి, స్టాప్ కోడాన్ ముందుగానే వస్తుంది, ప్రోటీన్ తయారు కాదు. ట్రాన్స్‌క్రిప్షన్‌కు మాత్రం ఏ అడ్డూ లేదు. అకాల స్టాప్ కోడాన్ ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏను గుర్తించి నాశనం చేసే ఏర్పాటు మొక్కల్లోనూ ఉంది, కాని అది అన్ని ఎంఆర్‌ఎన్‌ఏల మీదా ఒకే తీరుగా పనిచేయదు. కాబట్టి నిక్కమైన క్రిస్పర్ నాకౌట్‌లో కూడా క్యూపీసీఆర్ అంకె వైల్డ్ టైప్‌తో సమానంగా ఉండవచ్చు.

కొన్ని జన్యువుల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒక ప్రోటీన్ తన సొంత జన్యువునే అణచే స్వభావం గలదైతే, ఆ ప్రోటీన్ పోగానే అణచివేత తొలగి, పనికిరాని ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. జీవక్రియల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఎదుగుదల హార్మోన్ అయిన జిబ్బరెల్లిన్ కొరవడిన మ్యూటెంట్లలో జిబ్బరెల్లిన్ తయారీకి తోడ్పడే జీఏ20-ఆక్సిడేజ్ జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏ పెరగడం చాలాకాలంగా తెలిసిన సంగతే. చిగురు గారి జన్యువు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ది కాబట్టి ఈ కోణాన్ని కొట్టివేయలేము. అయితే చొప్పింపు ప్రమోటర్‌లో ఉన్నప్పుడు నా అనుమానం ముందు 35ఎస్ మీదకే పోతుంది.

మీమాంస

ఒప్పుకుంటాను. అయితే అదే తర్కం మరోవైపు కూడా చెల్లుతుంది. క్రిస్పర్ మొక్కలో జన్యువు నిజంగా పోయినా, దాని బంధువులైన జన్యువులు పెరిగి లోటు పూడ్చవచ్చు. టమాటాలో సీఎల్‌వీ3 జన్యువు పోయినప్పుడు సీఎల్‌ఈ9 పెరిగి కొంతవరకు దాని పని చేయడాన్ని 2019లో చూపించారు. అరబిడాప్సిస్‌లోనే సీఎల్‌వీ1 గ్రాహకం లేనప్పుడు దాని సోదర గ్రాహకాలైన బామ్ జన్యువులు కాండపు కొసన వ్యక్తమవుతాయి. అందుకే కొలవవలసింది ఒక్క జన్యువును మాత్రమే కాదు, దాని కుటుంబం మొత్తాన్ని.

నాట్లు

నేను వరి మీద పనిచేస్తాను, కాబట్టి ఈ విషయం నాకు తలకిందులుగా పరిచయం. జన్యువు పెరగడాన్ని మీరు ప్రమాదం అనుకుంటున్నారు, మేము దాన్నే కోరి చేయిస్తాం. టీ-డీఎన్‌ఏలో 35ఎస్ ఎన్‌హాన్సర్‌ను (వ్యక్తీకరణను పెంచే భాగాన్ని) నాలుగు ప్రతులుగా అమర్చి, అది ఎక్కడ చేరితే అక్కడి జన్యువును పెంచే పద్ధతి యాక్టివేషన్ ట్యాగింగ్. అరబిడాప్సిస్‌లో ఆక్సిన్ హార్మోన్ తయారీకి సంబంధించిన యుక్కా జన్యువు బయటపడింది ఈ పద్ధతిలోనే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇదే ఆలోచనతో మన సాంబమసూరి, అంటే బీపీటీ 5204 రకంలో, యాక్టివేషన్ ట్యాగింగ్ చేసిన మొక్కలను తయారుచేసి, తక్కువ నీటితో నెట్టుకురాగల వాటిని వెతికారు. 2016లో వచ్చిన ఆ పరిశోధనలో రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు కొన్ని అలా బయటపడ్డాయి. ఆ వ్యాసం చదివినప్పటి నుంచి, ఎవరైనా "చొప్పింపు ఉంది కాబట్టి జన్యువు పోయినట్టే" అంటే నాకు నవ్వు వస్తుంది.

చిగురు గారికి పనికొచ్చే విషయం ఒకటుంది. ఎన్‌హాన్సర్ ప్రభావం పక్క జన్యువుతోనే ఆగదు. ప్రమోటర్ ఒక దిశలో పనిచేస్తే, ఎన్‌హాన్సర్ భాగం రెండు దిశల్లోనూ, కొన్ని వేల బేస్‌ల దూరం వరకూ పనిచేయగలదు. మీ జన్యువుకు అటూ ఇటూ ఉన్న జన్యువులను కూడా కొలిచారా? పక్కవేళ్లు తగ్గడం మీ జన్యువు వల్లే అని ఇప్పటికి చెప్పలేము. ఇంకో పరీక్ష చాలా చవకైనది. మ్యూటెంట్‌ను వైల్డ్ టైప్‌తో సంకరం చేసి, మొదటి తరం మొక్కల వేళ్లను చూడండి. పెరిగిన వ్యక్తీకరణే కారణమైతే ఒక్క ప్రతి ఉన్నా లక్షణం కనిపించవచ్చు. జన్యువు పని తగ్గడం కారణమైతే ఆ తరంలో మొక్కలు మామూలుగా ఉండే అవకాశం ఎక్కువ.

పాతవిత్తనం

నాట్లు గారు పక్క జన్యువుల మాట ఎత్తారు కనుక ఏబీపీ1 ఉదంతాన్ని ఇక్కడ చెప్పాలి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ దాన్ని తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఏబీపీ1 అనేది ఆక్సిన్‌ను పట్టుకునే ప్రోటీన్. 2001లో ఆ జన్యువులో టీ-డీఎన్‌ఏ చేరిన అరబిడాప్సిస్ లైన్‌ను వర్ణించారు. హోమోజైగస్ పిండాలు తొలి దశలోనే చనిపోయాయి. దాంతో ఆ ప్రోటీన్ లేకపోతే మొక్కే లేదన్న అభిప్రాయం స్థిరపడి, దాని మీద పద్నాలుగేళ్లపాటు ఎన్నో వ్యాసాలు వచ్చాయి. 2015లో క్రిస్పర్‌తో చేసిన ఏబీపీ1 నాకౌట్, అదే జన్యువులో మరొక చోట టీ-డీఎన్‌ఏ చేరిన కొత్త లైన్, రెండూ వైల్డ్ టైప్‌లాగే నిక్షేపంగా పెరిగాయి. అదే ఏడాది మరో బృందం అసలు కారణం కనిపెట్టింది. పాత లైన్లలో ఏబీపీ1తో పాటు దానికి ఆనుకుని ఉన్న బీఎస్‌ఎం అనే జన్యువు కూడా దెబ్బతిన్నది, పిండాలు చనిపోయింది దాని వల్ల. ఏబీపీ1 కథ అక్కడితో ముగియలేదు. 2022 తరువాత ఆ ప్రోటీన్ మరొక పాత్రలో మళ్లీ చర్చకు వచ్చింది. అది మన విషయం కాదు.

టీ-డీఎన్‌ఏ చేరడం ఒక సూది గుచ్చినంత చిన్న సంఘటన అని మనం అనుకుంటాం, క్రోమోజోమ్ వైపు నుంచి చూస్తే అది పెద్ద గాయం. 2010లో 64 సాల్క్ లైన్లను పరిశీలించినప్పుడు వాటిలో 19 శాతంలో క్రోమోజోమ్ ముక్కలు చోటు మారినట్టు తేలింది. 2019లో ఆప్టికల్ మ్యాపింగ్ పద్ధతిలో పొడవైన డీఎన్‌ఏ అణువులను చూస్తే, ఒకే చోట 236 కిలోబేస్‌ల పొడవున టీ-డీఎన్‌ఏ పేరుకున్న సందర్భం కూడా కనిపించింది. మామూలు జీనోటైపింగ్ పీసీఆర్‌లో ఇవేవీ బయటపడవు. నాట్లు గారు చెప్పిన మొదటి తరం సంకర మొక్కలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి కనుక, వాటి పుప్పొడిని, బతికిన రేణువులను చచ్చినవాటి నుంచి వేరుగా చూపే అలెగ్జాండర్ రంజకంతో ఒకసారి చూడండి. దాదాపు సగం పుప్పొడి రేణువులు చచ్చినవిగా కనిపిస్తే, చోటు మారిన క్రోమోజోమ్ ముక్క ఉందని అనుమానించవలసిందే.

కోశస్థం

రెండవ లైన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ ఆసక్తికరంగా ఉంది.

ఇంట్రాన్‌లో టీ-డీఎన్‌ఏ చేరితే మూడు దారులున్నాయి. ట్రాన్స్‌క్రిప్షన్ టీ-డీఎన్‌ఏలోనే ఆగిపోవచ్చు, అప్పుడు దిగువ భాగం రాదు. స్ప్లైసింగ్ (ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతికే పని) తప్పుదారి పట్టి టీ-డీఎన్‌ఏ ముక్క ఎంఆర్‌ఎన్‌ఏలో చేరిపోవచ్చు, అప్పుడు క్యూపీసీఆర్‌లో అంకె బాగానే ఉంటుంది, ప్రోటీన్ పాడవుతుంది. లేదా టీ-డీఎన్‌ఏ మొత్తం ఇంట్రాన్‌తో పాటే కత్తిరింపుకు గురై, మామూలు ఎంఆర్‌ఎన్‌ఏ తయారు కావచ్చు. మీ కానామైసిన్ ఫలితం ఈ మూడవ దారిని సూచిస్తోంది. నిరోధక జన్యువు ఉండి కూడా పనిచేయడం లేదంటే, ఆ టీ-డీఎన్‌ఏ మీద మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద పడే రసాయన ముద్ర) చేరి మూతపడి ఉండవచ్చు. సాల్క్ లైన్లలో కానామైసిన్ నిరోధకత ఇలా పోవడం అందరికీ తెలిసినదే కాబట్టి దాన్ని ఒక్కదాన్నే రుజువుగా తీసుకోలేము. కాని ఇంట్రాన్ చొప్పింపుల్లో ఈ మూతపడటం జన్యువు తిరిగి పనిచేయడానికి తోడవుతుందని 2013లోనే చూపించారు. అగామస్ జన్యువు ఇంట్రాన్‌లో టీ-డీఎన్‌ఏ చేరి పూలు వికారమైన మ్యూటెంట్‌ను వేరే టీ-డీఎన్‌ఏ లైన్‌తో సంకరం చేస్తే, తరువాతి తరాల్లో చొప్పింపు అలాగే ఉండగానే మ్యూటెంట్ లక్షణం అణగిపోయింది.

దీని పర్యవసానం డబుల్ మ్యూటెంట్లు చేసేవారికి చాలా ముఖ్యం. రెండు టీ-డీఎన్‌ఏ లైన్లను సంకరం చేసి లక్షణం మాయమైతే, రెండు జన్యువుల మధ్య ఏదో లోతైన సంబంధం ఉందని రాసేయకుండా, ముందు ఎంఆర్‌ఎన్‌ఏను మళ్లీ కొలవాలి. 35ఎస్ ప్రమోటర్‌తో నడిచే ఏ ట్రాన్స్‌జీన్‌నైనా సాల్క్ లైన్‌లోకి తెచ్చినా ఇదే చిక్కు. ప్రమోటర్ సీక్వెన్స్ ఒకటే కావడంతో అది కూడా మూతపడిపోవచ్చునని 2008లోనే హెచ్చరించారు. అందుకని కాంప్లిమెంటేషన్‌కు (పోయిన జన్యువును తిరిగి ఇచ్చి లక్షణం సరవుతుందో చూడటానికి) 35ఎస్ కన్‌స్ట్రక్ట్ వాడకండి, జన్యువును దాని సొంత ప్రమోటర్‌తో సహా తీసుకోండి.

చిగురు

అందరూ చెప్పిన పరీక్షల్లో కొన్ని పూర్తయ్యాయి. వివరాలు ఇవి.

రెండవ లైన్‌లో చొప్పింపుకు అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లలో ప్రైమర్లు పెట్టి సీడీఎన్‌ఏ మీద పీసీఆర్ చేస్తే వైల్డ్ టైప్ పొడవున్న ఒకే బ్యాండ్ వచ్చింది. సీక్వెన్స్ చేయిస్తే రెండు ఎక్సాన్లు సరిగ్గా అతుక్కుని ఉన్నాయి. కోశస్థం గారు చెప్పిన మూడవ దారే ఇది. ఈ లైన్ వేళ్లు మామూలుగా ఉండటంలో ఇప్పుడు ఆశ్చర్యం లేదు.

మొదటి లైన్‌లో ఎల్‌బీబీ1.3కు, మూడో ఎక్సాన్‌లోని రివర్స్ ప్రైమర్‌కు మధ్య సీడీఎన్‌ఏ మీద స్పష్టమైన బ్యాండ్ వచ్చింది, కంట్రోల్‌లో రాలేదు. అంటే ఎంఆర్‌ఎన్‌ఏ టీ-డీఎన్‌ఏలో మొదలై నా జన్యువు గుండా సాగుతోంది. అయితే ఆ బ్యాండ్ సీక్వెన్స్‌లో, నా జన్యువు స్టార్ట్ కోడాన్‌కు ముందు, టీ-డీఎన్‌ఏ భాగంలోనే రెండు ఏటీజీలు (స్టార్ట్ కోడాన్ అక్షరాలు) ఉన్నాయి. వాటిలో ఏదీ నా జన్యువు ఫ్రేమ్‌లో లేదు. అటూ ఇటూ ఉన్న పొరుగు జన్యువుల్లో తేడా కనిపించలేదు. వైల్డ్ టైప్‌తో చేసిన మొదటి తరం సంకర మొక్కల వేళ్లు మామూలుగానే ఉన్నాయి, పుప్పొడి కూడా బాగుంది.

తల్లివేరు

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు దొరికినట్టే. రైబోజోమ్ సాధారణంగా ఎంఆర్‌ఎన్‌ఏ ముందు చివరి నుంచి వెతుకుతూ వచ్చి, అనువైన మొదటి ఏటీజీ దగ్గరే అనువాదం మొదలుపెడుతుంది. మీ సంకర ఎంఆర్‌ఎన్‌ఏలో దానికి ముందుగా ఎదురయ్యేవి టీ-డీఎన్‌ఏలోని ఏటీజీలు. అక్కడ మొదలైతే తప్పు ఫ్రేమ్‌లో ఒక చిన్న పెప్టైడ్ తయారై, అసలు ప్రోటీన్ చాలా తక్కువగా వస్తుంది. చివరి ఎక్సాన్‌ను కొలిచే మీ ప్రైమర్లకు ఈ తేడా తెలియదు. అవి నాలుగు రెట్ల ఎంఆర్‌ఎన్‌ఏను నిజాయితీగానే లెక్కపెట్టాయి. మొదటి తరం సంకర మొక్కలు మామూలుగా ఉండటం కూడా జన్యువు పని తగ్గిందన్న వైపే మొగ్గుతోంది.

అయినా ఇది అనుమానమే, రుజువు కాదు. ప్రోటీన్‌కు యాంటీబాడీ ఉంటే వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) చేయండి. లేకపోతే ఆ సంకర ముందు భాగాన్ని లూసిఫెరేజ్ (వెలుగుతో కొలవగల ప్రోటీన్) జన్యువు ముందు అమర్చి, ప్రోటోప్లాస్ట్‌లలో (గోడ తీసిన మొక్క కణాల్లో) వైల్డ్ టైప్ ముందు భాగంతో పోల్చండి. ఏటీజీలను మార్చిన రూపాన్ని కూడా పక్కన పెట్టుకుంటే వాదన గట్టిపడుతుంది.

మీమాంస

క్రిస్పర్ అల్లీల్ (జన్యువు మారిన రూపం) కూడా చేయించుకోండని మళ్లీ చెబుతున్నాను, ఈసారి టీ-డీఎన్‌ఏ మీద కోపంతో కాదు. రెండవ లైన్ పనికిరాలేదు కాబట్టి మీ చేతిలో ఇప్పుడున్నది ఒకే ఒక్క అల్లీల్. అది కూడా 35ఎస్ కింద ఎక్కడపడితే అక్కడ వ్యక్తమయ్యే వింత అల్లీల్. ఒక్క అల్లీల్ మీద నిలబడిన వాదనను సమీక్షకులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

చిగురు

క్రిస్పర్ కన్‌స్ట్రక్ట్ పని మొదలైంది. సొంత ప్రమోటర్‌తో కాంప్లిమెంటేషన్ కన్‌స్ట్రక్ట్‌కు హైగ్రోమైసిన్ నిరోధకత ఉన్న వెక్టర్‌ను ఎంచుకున్నాను. ఒక సందేహం మిగిలింది. థీసిస్‌లో మొదటి లైన్‌ను ఏమని పేర్కొనాలి?

పాతవిత్తనం

నాకౌట్ అనీ రాయకండి, ఓవర్‌ఎక్స్‌ప్రెషన్ లైన్ అనీ రాయకండి. అల్లీల్ సంఖ్య ఇచ్చి, చొప్పింపు సరిగ్గా ఏ బేస్ దగ్గర ఉందో, రెండు సంధుల సీక్వెన్స్ ఏమిటో, ఏ ప్రైమర్లతో ఏ భాగాన్ని కొలిచారో బొమ్మతో సహా చూపండి. రెండవ లైన్ ఫలితాన్ని కూడా అనుబంధంలో తప్పక చేర్చండి. లేకపోతే అదే విత్తనాన్ని స్టాక్ సెంటర్ నుంచి తెప్పించుకున్న మరొకరు మళ్లీ మొదటి నుంచి ఇదే దారి నడవాల్సి వస్తుంది. ఒక మాట, మీ హైగ్రోమైసిన్ వెక్టర్‌లో ఆ నిరోధక జన్యువును నడిపేది ఏ ప్రమోటరో పటంలో చూశారా? చాలా వెక్టర్లలో అది కూడా 35ఎస్సే.

చిగురు

ఇప్పుడే పటం తెరిచి చూశాను. 35ఎస్సే. 35ఎస్‌కు బదులు నాస్ అనే వేరే ప్రమోటర్ ఉన్న వెక్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి వేదికలోని సందేశాల ద్వారా తెలియజేయండి.